ఒక్క చెంచాడు తోడు

గోడన్నాక ఎక్కడో ఒకచోట సందుండాలి. లేకపోతే అది గోడ కాదు, పంతం. పొగడపాలెంలో సూరమ్మ ఇంటికీ ఆదెమ్మ ఇంటికీ మధ్యనున్న గోడ మొదట పంతంగానే లేచింది.

ఆ ముచ్చట చెప్పాలంటే వాళ్ళ అత్తగార్ల కాలానికి పోవాలి. ఒక గుమ్మడిపాదు ఆ పెరట్లో మొలిచి ఈ పెరట్లో కాసింది. కాయ ఎవరిదన్న తగువులో ఇద్దరత్తగార్లూ వీధిన పడ్డారు. మగాళ్ళు ఇక భరించలేక తాపీమేస్త్రీని పిలిచి గోడ పెట్టించేశారు. సరిగ్గా గోడ మెడదాకా లేచిన నాడే సూరమ్మ అత్తగారి ఉట్టి తెగి పెరుగు కుండ నేలపాలైంది. పాలేమో కాగి, గోరువెచ్చగా దిగుతున్నాయి. తోడు లేదు. ఆవిడ కాసేపు పాలకేసీ కాసేపు గోడకేసీ చూసి, ఎవరితోనో కానట్టు, "ఏవమ్మోయ్, కాస్త తోడుంటే పెడుదూ" అంది. అవతలినుంచి, "పెడతాను గానీ ఎలా అందిస్తానే, నీ మొగుడు కోట కట్టిస్తుంటేనూ" అని జవాబొచ్చింది. మేస్త్రీ లోకం చూసినవాడు. మారుమాట్లాడకుండా కట్టిన ఇటుకలు కొన్ని ఊడదీసి, గిన్నె పట్టేంత కన్నం చేశాడు. ఆ కన్నం ఏడాది తిరక్కుండా మనిషి పట్టేంత అయింది. దానికో చెక్క తలుపు కూడా వచ్చింది. అదీ దిడ్డి. మనిషన్నవాడు నడుం వంచితే గాని అందులోంచి దూరలేడు.

అప్పట్నించీ ఆ ఇంటి పెరుగుకి ఈ ఇల్లు పుట్టిల్లు, ఈ ఇంటి పెరుగుకి ఆ ఇల్లు పుట్టిల్లు. ఇక్కడ పెరుగు అయిపోతే అక్కణ్ణించి చెంచాడు తోడు, అక్కడ పులిసిపోతే ఇక్కణ్ణించి చెంచాడు. తోడుకి పద్ధతులున్నాయి. లేదనకూడదు. అమ్మకూడదు. దీపాలు పెట్టాక ఇవ్వకూడదు. గిన్నె తిరిగిచ్చేటప్పుడు వట్టిగా ఇవ్వకూడదు, ఓ పచ్చిమిరపకాయైనా వెయ్యాలి. అత్తగార్లు పోయారు, గుమ్మడిపాదు పోయింది, ఆ పెరుగు మాత్రం పోలేదు. ఆ కుండల్లో తోడుకుంటున్నది ఇంకా అత్తగారి చేతి పెరుగేనని సూరమ్మ నమ్మకం. తినేవాళ్ళకీ ఆ సంగతి తెలుస్తుందనేది.

అలాంటి ఊరికి అనుసంధానం వచ్చింది.

అనుసంధానమంటే చెడ్డదేదో అనుకునేరు, మంచిదే. దాని పేరు "ఊరూరి అంగడి". ఇంటింటికీ ఒక చవక ఫోను ఇచ్చారు. చదువు రాకపోయినా ఫర్వాలేదు, నోటితో చెబితే అది వింటుంది, తిరిగి చెబుతుంది. ఆదెమ్మ కోడలు రోహిణి చేతిలో ఆ ఫోను చిలకలా పలికేది. సూరమ్మ పెట్టిన గుమ్మడి ఒడియాలు ఫొటో తీసి అంగడిలో పెడితే ఎక్కడెక్కడివాళ్ళో తెప్పించుకున్నారు. కుమ్మరి గవరయ్య చేసిన మట్టి మూకుళ్ళు రైలెక్కిపోయాయి. ఊరు మురిసిపోయింది.

"పెద్దమ్మా, మీ ఒడియాలకి ఎవరో అయిదు నక్షత్రాలిచ్చారు" అంది రోహిణి ఒకనాడు.

"ఇస్తే ఇచ్చారుగానే, వాటిని ఎక్కడ పెట్టుకోనూ? అయినా, నూనెలో వేయించారో, నిప్పులమీద కాల్చారో అది అడుగు" అంది సూరమ్మ.

అంతవరకూ బాగానే ఉంది. అంతలో అనుసంధానాధికారి కమలాకరరావుగారు సమీక్షకొచ్చారు. పెద్ద మనిషి, పెద్ద చొక్కా. కడుపులో మంట ఉందని జేబులో బిళ్ళలు పెట్టుకుని తిరుగుతారు. మాట మాత్రం చల్లగా, చాపిన తెల్లచీరలా ఎక్కడా ముడత లేకుండా ఉంటుంది.

"ఈ గ్రామం ప్రపంచంతో అనుసంధానమైంది. సంతోషం. అయితే తీవ్ర విచారకరమైన అంశమేమనగా, గ్రామస్థులు ఒకరితో ఒకరు ఏమాత్రం అనుసంధానం కాలేదు. మా వద్దనున్న సమాచారం ప్రకారం పొగడపాలెం నుండి పొగడపాలెంకు జరిగిన లావాదేవీలు శూన్యం!" అన్నారాయన బడి ఆవరణలో మైకు ముందు.

జనం మొహమొహాలు చూసుకున్నారు. సూరమ్మకి జాలేసింది, ఎవరో పాపం తమ గురించి ఆయనకి తప్పు చెప్పారని.

"అయ్యా, పొద్దున లేస్తే నేనూ ఆదెమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా మొహం కూడా కడుక్కోం గదండీ."

"అది అనధికార అనుసంధానమమ్మా. లెక్కకు రాదు."

"కూర చేస్తే గిన్నెడు అటు వెళ్ళాల్సిందేనండి."

ఆయన చటుక్కున తల తిప్పారు. "ఎటునుండి వెళుతుంది?"

సూరమ్మ అమాయకంగా ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళి దిడ్డి చూపించింది. కమలాకరరావుగారు తలుపు తీసి, మూసి, మళ్ళీ తీసి, పక్కనున్న గుమాస్తాతో అన్నారు, "చూశావా? వ్యవస్థకు వెలుపల సరఫరా మార్గం. ఇక్కణ్ణించే కారిపోతోంది మన అనుసంధానం!"

ఆ సాయంత్రానికి దిడ్డి తలుపుకి లక్కసీలు పడింది. పైన ఒక కాగితం కూడా అంటించారు. ఇకమీదట ఊళ్ళో ఎవరు ఎవరికి ఏమివ్వాలన్నా, ఊరికే ఇచ్చేదైనా సరే, అంగడిలో చెప్పే ఇవ్వాలి. అలా నూటికి నూరుపాళ్ళూ చేస్తే పొగడపాలెం "సంపూర్ణ అనుసంధాన గ్రామం" అవుతుంది. అలా అయితేనే ఊరికి మంచినీళ్ళ ట్యాంకు వస్తుంది. అయినందుకు చేసే పండగనాడే గుర్తుగా ఈ దిడ్డిని ఇటుకలతో శాశ్వతంగా పూడ్చేస్తారు.

సూరమ్మ వెళ్ళి ఆ లక్కసీలు తడిమి చూసింది. కానీ ఏమంటుంది? ఎండాకాలం వస్తే ఊరి ఆడాళ్ళంతా బిందెలెత్తుకుని కాలవగట్టు పట్టుకుపోతారు. తన దిడ్డి కోసం ఊరికి నీళ్ళు పోగొట్టిందని రేపు ఎవరైనా అంటే? "ఒదినా, వీధిలోంచి వచ్చి ఇవ్వనా?" అంది ఆదెమ్మ గోడ అవతలినుంచి. "వద్దొదినా, వీధి మొగలో కెమెరా పెట్టారు. నా గిన్నె కోసం ట్యాంకు పోతే ఊళ్ళో తలెత్తుకోలేను" అంది సూరమ్మ.

అలా మొదలైందండి. ఆదెమ్మ వండిన పనసపొట్టు కూర గోడ ఇవతలికి రావడానికి ఆటో ఎక్కి, మండలంలోని సమీకరణ కేంద్రానికి వెళ్ళి, సంచి కట్టించుకుని, సంచి మీద "జాగ్రత్త, పగులును" అని ముద్ర వేయించుకుని మర్నాడు సాయంత్రానికి సూరమ్మ గుమ్మంలో దిగింది. ఆదెమ్మ ఎన్నడూ అంత దూరం వెళ్ళి ఎరగదు. కూరకి ఆ భాగ్యం పట్టింది. పాచిపోయిందన్న మాటేగానీ లోకం చూసొచ్చింది.

గవరయ్య పక్కింటివాళ్ళ నిచ్చెన అడిగాడు. నిచ్చెన పొడవు పెట్టెలో పట్టలేదని కేంద్రంలో రెండు ముక్కలు చేసి పంపారు. పై ముక్క ముందొచ్చింది. కింది ముక్క దారిలో ఉందని ఫోను చెబుతుంటే గవరయ్య పై ముక్కని ఒళ్ళో పెట్టుకుని చూరుకేసి చూస్తూ కూర్చున్నాడు.

తగాదాలకీ అదే దారయింది. పంపు దగ్గర ఇద్దరు బిందె కోసం మాటామాటా అనుకోబోతే, అదీ ఇచ్చిపుచ్చుకోవడమేనని అంగడిలో నమోదు చెయ్యమన్నారు. ఒకావిడ ఫోనులో తనివితీరా తిట్టింది. "మీ తిట్టు స్వీకరించబడినది. అవతలి పార్టీ రెండు పనిదినాలలో స్పందించును" అంది ఫోను. ఈలోపు వాళ్ళిద్దరూ కలిసిపోయి, ఒకే చాపమీద కూర్చుని మినప్పప్పు రుబ్బుతుండగా జవాబు తిట్టు వచ్చింది. మొదలుపెట్టిన నమోదు మధ్యలో వదిలితే ఊరికి మార్కులు పోతాయని, రుబ్బడం ఆపి, పాపం, మళ్ళీ మొదటినుంచీ పోట్లాడుకున్నారు.

అన్నీ ఓర్చుకుంది సూరమ్మ. కానీ ఒక మధ్యాహ్నం పిల్లి పెరుగు కుండ దొర్లించేసింది.

అత్తగారి ఉట్టి తెగిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది ఇల్లు. పాలు గోరువెచ్చగా దిగుతున్నాయి, తోడు లేదు. ఊళ్ళో ఎవరి తోడైనా తోడే, కాదనం. కానీ అత్తగారి పెరుగు ఇక ఆదెమ్మ ఇంట్లోనే ఉంది. సీలు వేసిన తలుపు వెనకాల, చెయ్యిజాపితే అందేంత దూరంలో. సూరమ్మ ఫోను నోటిదగ్గర పెట్టుకుంది.

"నాయనా, కాస్త తోడు కావాలి."

"తోడు," అంది ఫోను మర్యాదగా. "పరిమాణం?"

"ఒక్కటి చాలు. రెండైతే పులుస్తుంది."

"ఎప్పటికి కావాలి?"

"వెంటనే కావాలి బాబూ, లేకపోతే విరిగిపోవడమే" అంది, పాల సంగతి చెబుతూ.

"మీ ఆవేదన నమోదైనది. మీ తోడు బయలుదేరింది."

అంత త్వరగానా అని సూరమ్మ గిన్నె కడిగి, బోర్లించి, గుమ్మంలో కూర్చుంది. మర్నాడు పొద్దున్నే ఆటో ఆగింది. అందులోంచి చంకలో గొడుగు, చేతిలో క్యారేజీతో లావుపాటి మనిషొకడు దిగాడు.

"తోడు మీకేనా అప్పగారూ?"

"నాకే నాయనా. ఏదీ?"

"నేనేనండి."

"నువ్వు తెచ్చావు, సరే. గిన్నె ఏదీ?"

"గిన్నె లేదండి. నేనే తోడుని. పోలినాయుడంటారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మనిషికి మనిషి తోడు విభాగంలో మొన్ననే వేశారు" అంటూ అరుగు మీద కూర్చుని గొడుగు పక్కన పెట్టుకున్నాడు.

సూరమ్మ గిన్నెకేసి చూసింది, మనిషికేసి చూసింది. "ఇంత తోడు నా కుండలో పట్టదు తమ్ముడూ. వెనక్కి వెళ్ళిపో."

"వాపసుకి వేరే ఆర్డరు పెట్టాలండి. అందాకా మీకు ఒంటరితనం లేకుండా చూసుకోవడం నా డ్యూటీ. మాట్లాడమంటారా, ఊరికే కూర్చోమంటారా?"

ఏ మనిషైనా పొద్దుటిపూట గుమ్మంలో కూర్చుంటే అన్నం పెట్టకుండా ఎలా ఉంటుంది? పెట్టింది. అన్నం తిన్నాక ఫోను చెప్పింది, వస్తువు వాడారు గనక వాపసు తీసుకోబడదని.

పోలినాయుడు చెడ్డవాడు కాదు. ఇంట్లో ఎవరూ తన మాట వినరట. ఇక్కడ వినేవాళ్ళు దొరికారని ఏ ఊరి స్టేజీలో ఏ ప్రయాణికుడు ఏం పోగొట్టుకున్నాడో అన్నీ చెప్పాడు. సూరమ్మా తక్కువ తిన్లేదు, గుమ్మడిపాదు దగ్గర్నించీ ఎత్తుకుంది. సాయంత్రానికి పాలు విరిగిపోయాయి, కబుర్లు మాత్రం గడ్డపెరుగులా తోడుకున్నాయి.

అయితే తోడు అవసరం సూరమ్మ ఒక్కదానికే ఉంటుందా? పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పూట ఉంటుంది. పొగడపాలెంలోనే కాదు, అంగడి వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ అమ్మలక్కలు పొద్దువాలే వేళకి ఫోనులో "కాస్త తోడు" అంటున్నారు. మనుషులు దిగుతున్నారు. గవరయ్య ఇంటికి ఒక వ్యాయామ మాస్టారు వచ్చాడు. ఊళ్ళో అరుగులన్నీ తోడులతో నిండిపోయాయి. తోడడిగిన ఏ ఇంట్లోనూ పెరుగు మాత్రం లేదు.

జిల్లా కచేరీలో దీని మీద పెద్ద సమావేశం జరిగింది. తెరమీద ఒక గీత కొబ్బరిచెట్టులా నిటారుగా లేచింది.

"ప్రజలు సబ్బులకన్నా, చీరలకన్నా తోడునే అధికంగా కోరుచున్నారు. అందునా సాయంకాలములందు! గ్రామసీమలలో ఒంటరితనం ప్రబలినదనుటకు ఇంతకన్నా నిదర్శనమేమి? 'ఏకాంత నిర్మూలన ఉద్యమం' తక్షణం చేపట్టవలెను" అన్నారు కమలాకరరావుగారు కళ్ళు తుడుచుకుంటూ.

ఒక గుమాస్తా మెల్లిగా లేచి, "సార్, మా ఇంట్లో కూడా మా ఆవిడ రోజూ తోడు..." అనబోయాడు.

"మీ కుటుంబ విషయాలు ఇక్కడ వద్దు" అన్నారాయన.

ఉద్యమం చేపట్టారు. రిటైరైనవాళ్ళు అయిపోయారు. గుమాస్తాల్ని పంపారు. వాళ్ళూ అయిపోయారు. టైపు కొట్టేవాళ్ళూ, జీపు తోలేవాళ్ళూ అందరూ ఏదో ఒక అరుగుమీద కూర్చుని ఎవరి కష్టసుఖాలో వింటున్నారు. కచేరీ ఖాళీ అయి, ఫ్యానులు ఊరికే తిరుగుతున్నాయి. ఇక్కడ సూరమ్మ, ఈ ఫోనుకి ఈసారి విడమర్చి చెబుదామని, "పాలలోకి తోడు" అంది. "పాలెంలోకి తోడు" అని విన్నదది. పంపడానికి మిగిలిన మనిషి ఒక్కడే.

అంచేత, సంపూర్ణ అనుసంధాన పండగ రోజు పొద్దున్నే, రాజధానినుంచి కమిషనరుగారు రావడానికి కాస్త ముందుగా, సూరమ్మ గుమ్మంలో జీపు ఆగింది. కమలాకరరావుగారు తనే తోలుకుని దిగారు. మెడలో బిళ్ళ వేలాడుతోంది, దానిమీద రాసుంది, "తోడు".

"రండి బాబూ. తమరా!" అంది సూరమ్మ.

"నిబంధన నిబంధనే అమ్మా. నేనైనా మినహాయింపు కాదు" అన్నారాయన, పోలినాయుడు జరిగి ఇచ్చిన చోట కూర్చుంటూ. పోలినాయుడు ఎప్పుడో వాడేసిన తోడు. అయినా ఆర్డరు లేకుండానే రోజూ వచ్చి కూర్చుంటున్నాడు.

గోడ పక్కన ఇటుకలు పేర్చి ఉన్నాయి. తాపీమేస్త్రీ సిమెంటు కలుపుతున్నాడు. కమిషనరమ్మగారు రాగానే దిడ్డి పూడ్చడం మొదలుపెట్టాలి. సూరమ్మ అటు చూడకుండా ఉండాలని ఇటు తిరిగి కూర్చుంది గానీ, తాపీ చప్పుడు ఎటు తిరిగినా వినబడుతూనే ఉంది.

ఎండెక్కింది. కమలాకరరావుగారి మొహం నల్లబడింది. కడుపు మీద చెయ్యి వేసుకున్నారు. జేబులు తడుముకున్నారు. బిళ్ళలు కచేరీలో మర్చిపోయారు.

"అమ్మా, కడుపులో భగభగమంటోంది. గ్లాసుడు మజ్జిగ..."

"మజ్జిగెక్కడిది బాబూ? పెరుగుంటేగా. పెరుగుకి తోడుంటేగా. నేను తోడడిగిన ప్రతిసారీ తమరు మనుషుల్ని పంపిస్తిరి."

ఆయన నోరు కాస్త తెరుచుకుంది. "అంటే... తోడు అంటే..."

"పాలలో వేసే తోడండి" అన్నాడు పోలినాయుడు జాలిగా. "నాకూ మొదటిరోజే తెలిసింది. చెబితే ఉద్యోగం పోతుందని ఊరుకున్నాను."

కమలాకరరావుగారికి తెరమీది కొబ్బరిచెట్టు కళ్ళముందు ఊగింది. అయినా అధికారి అధికారే. గబగబా ఫోను తీసి, "మజ్జిగ, ఒక గ్లాసు" అన్నారు. "మీ మజ్జిగ రేపు సాయంత్రం లోపు చేరును" అంది ఫోను.

సరిగ్గా అప్పుడే గోడ అవతల ఆదెమ్మ మజ్జిగ చిలుకుతోంది. కవ్వం చప్పుడు గుడగుడమని గోడ దాటి వస్తోంది. చప్పుడుకి సీలు వెయ్యలేదు గదా.

"అదేమిటి?" అన్నారాయన.

"మా ఆదెమ్మండి. చల్ల చేస్తోంది."

"ఇక్కడే ఉందా! అయితే తలుపు తియ్యండి!"

"సీలుందండి."

"ఎవడు వేశాడు సీలు?"

సూరమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ తాపీ ఆపాడు.

ఆయన లేచారు. ఇటూ అటూ చూశారు. తన ముద్ర తన గోటితో తనే గిల్లేసి, తలుపు తోశారు. తోసినవారు ఊరికే ఉండక తలదూర్చారు. వంగి దూరాల్సిన చోట పెద్దమనిషి సగమే వంగారు. దాంతో భుజాలు అటు, మిగతాది ఇటు ఉండిపోయింది. అటుపక్క ఆదెమ్మ కెవ్వుమని, మరుక్షణమే మనిషిని గుర్తుపట్టి, "అయ్యో బాబూ" అంటూ మజ్జిగ గ్లాసు నోటికందించింది. ఆయన గటగటా తాగుతున్నారు.

ఇటుపక్క కమిషనరుగారి కారు ఆగింది. ఆవిడ పెరట్లోకొచ్చి, కనబడుతున్నంత మేరకు చూసి, "ఎవరిది ఇది?" అన్నారు.

"మా తోడండి" అంది సూరమ్మ, ఏం చెప్పాలో తెలీక.

గోడ అవతలినుంచి గొంతు వచ్చింది. అందులో మజ్జిగ చల్లదనం కూడా ఉంది. "నమస్కారం మేడమ్. క్షేత్రస్థాయిలో... అతి సమీప అనుసంధాన మార్గాన్ని... స్వయంగా పరీక్షించుచున్నాను!"

కమిషనరుగారు ఆగిపోయారు. "అతి సమీప? ఆర్డరు పెట్టిన ఎంతసేపటికి సరుకు చేరింది?"

"అడగడం పూర్తయ్యేలోపేనండి" అంది రోహిణి అవతలినుంచి.

"ప్యాకింగు?"

"గ్లాసేనండి. కడిగి ఇచ్చేస్తాం."

"ఇంధనం? నెట్‌వర్కు?"

"పిలిస్తే పలుకుతాంగా."

ఆవిడ కళ్ళు మెరిశాయి. "అద్భుతం! ఇంత చవక సాంకేతికత! ఏ సంస్థ రూపొందించింది?"

"మా అత్తగారండి" అంది సూరమ్మ.

"రాసుకోండి, 'మా అత్తగారు'. కొత్త కంపెనీలా ఉంది. చిన్న కంపెనీలే ఇలాంటివి చెయ్యగలవు" అన్నారు కమిషనరుగారు.

అలా దిడ్డి పూడలేదు. పేర్చిన ఇటుకలతో మేస్త్రీ దానికి రెండువైపులా మెట్లు కట్టాడు. రిబ్బను కట్టి, కత్తిరించి, తలుపుపైన ఇత్తడి పలక బిగించారు, "అతి సమీప అనుసంధాన కేంద్రం" అని. పలక కాస్త కిందికి దిగింది. ఇప్పుడు ఇంకాస్త వంగాలి. ఊరికి ట్యాంకూ వచ్చింది. మిగతా ఊళ్ళలో గోడలున్నచోట కన్నాలు కొట్టమనీ, గోడల్లేనిచోట ముందు గోడ కట్టి తరవాత కన్నం కొట్టమనీ ఉత్తర్వులు వెళ్ళాయి.

పండగ భోజనాలయ్యాయి. అధికారులు అరుగుమీద కునికిపాట్లు పడుతున్నారు. పొయ్యిమీద పాలు కాగి దిగాయి. సూరమ్మ వేలుపెట్టి చూసింది, గోరువెచ్చగా ఉన్నాయి. ఇంకా దీపాల వేళ కాలేదు. గిన్నె తీసుకుని దిడ్డి దగ్గరికి వెళ్ళి, ఎన్నాళ్ళకో నోరారా పిలిచింది.

"ఒదినా! కాస్త తోడు!"

అరుగుమీద పోలినాయుడూ, కమలాకరరావుగారూ ఉలిక్కిపడి ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"కూర్చోండి బాబూ," అంది సూరమ్మ, "మిమ్మల్ని కాదు."